విస్తరిలో ఏం మిగిలింది

పాండురంగం నడుము వంచి ఆ విస్తరాకులోకి చూశాడు. తర్వాత దాని పక్కదాంట్లోకి, ఆ తర్వాత ఇంకోదాంట్లోకి చూశాడు. గుడి వెనక, ఎంగిలి విస్తళ్ళు పడేసే సిమెంటు తొట్టి దగ్గర ఆయన అలా వంగి నిలబడటం చూసి, వడ్డన చేసే సారయ్య చేతిలో ఖాళీ బకెట్‌తో ఆగిపోయాడు.

"ఏం పోయిందే అన్నా? ఉంగరమా?"

"ఉంగరం గాదు. ఇటు రా. గిది సూడు."

సారయ్య చూశాడు. విస్తరిలో అన్నం మెతుకు లేదు. పప్పు లేదు. చక్కెర పొంగలి పెట్టిన చోటు వేలితో తుడిచినట్టుంది. పులిహోర మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"పిల్లగాండ్లు తినరన్నా. మిరపకాయ తగుల్తదని."

"పిల్లగాడా? పక్కన వక్కపొడి కాయితం పడున్నది. వక్కపొడి తినే పిల్లగాడు ఎవడు?"

"అబ్బో, పోలీసోని లెక్క పట్టినవ్!" అని సారయ్య నవ్వాడు కానీ, తొట్టిలోకి ఇంకోసారి చూడకుండానే బకెట్ ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు పంచమి. శ్రీరామనవమికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఉగాది నుంచి రోజూ మధ్యాహ్నం బజారు వెనక సందులోని ఆ చిన్న రామాలయంలో రెండు వందల మందికి భోజనం పెడుతున్నారు. వంటింటి బాధ్యత పాండురంగానిది. బీట్ బజార్‌లోని పప్పుల దుకాణాన్ని ఈ తొమ్మిది రోజులూ కొడుక్కి అప్పజెప్పి, పాలూ పండ్లతో దీక్షలో ఉంటూ, తెల్లారకముందే వచ్చి పొయ్యికి హారతిచ్చేది ఆయనే. దేవుడికి చూపించకముందు వంటను ఎవరూ రుచి చూడరు. చూపించాక ఆయన ఒక్క మెతుకు కళ్ళకద్దుకుని నాలుక మీద వేసుకుంటాడు. ఒక్క మెతుకుకు ఏం రుచి తెలుస్తుంది?

మండపం వైపు నుంచి గుడి కమిటీ పెద్ద రాజేశ్వర్ రావు వచ్చాడు. తెల్ల లాల్చీ మడత నలగకుండా రెండు వేళ్ళతో పట్టుకుని తొట్టికి దూరంగా నిలబడ్డాడు.

"పాండురంగం, ఒక ముచ్చట. నిన్న మా ఇంటికి ప్రసాదం పంపినవ్ గద. మా మనుమడు పులిహోర నోట్ల వెట్టుకొని ఉమ్మేసిండు. ప్రసాదం ఉమ్ముతవార అని వీపుల ఒక్కటిచ్చిన. తర్వాత మా కోడలు చెప్తాంది, ఏందో వాసనొస్తాందట. గిన్నెల సబ్బు ఉంటాందేమో. కడిగేటోళ్ళను జర సూసుకో. నవమి నాడు ఆరువందల మంది వస్తరు."

"సరే రావుసాబ్. నేను సూస్త."

పాండురంగం వంటింట్లోకి వచ్చాడు. వంట చేసే సదానందం పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి నిప్పు మీద నీళ్ళు చల్లుతున్నాడు. వర్ధన్నపేటలో రెండెకరాల పొలం ఉన్న మనిషి. ఉత్సవాలకు, శనివారాలకు వచ్చి వండుతాడు. బజారులో గాజుల దుకాణం వాళ్ళ కోడలు పద్మ కత్తిపీట కడుగుతోంది. మూలన నీళ్ళతొట్టి దగ్గర బక్కమ్మ చిన్న పీట మీద కూర్చుని పెద్ద ఇత్తడి గంగాళాన్ని తోముతోంది. ఒక చేయి లోపల, ఒక చేయి అంచు మీద.

"సదానందం, ఇయ్యాల పులిహోర ఎట్లున్నది? మంచిగున్నదా?"

"అమృతమన్నా."

"పద్మమ్మా?"

"దేవుని ప్రసాదం పాండన్నా. కళ్ళకద్దుకొని తినుడే. దానికి వంకేంది?"

ఇద్దరూ తలెత్తకుండానే చెప్పారు. పాండురంగం బక్కమ్మ వైపు తిరిగాడు.

"బక్కమ్మా, గిన్నెలు దేంతోని తోముతానవ్?"

"బూడిద, చింతతొక్కు సేటు. ఎప్పటిదే."

"సబ్బు వాసనొస్తాందంటాండ్రు."

"సబ్బా? నేను సబ్బు ముట్టనే ముట్ట." గంగాళంలోని చేయి ఆగింది. "వాసనొచ్చేది సబ్బు తోటి గాదు సేటు..."

"వాదం వద్దు. నవమి దగ్గరవడ్డది. రేపటి సంది నువ్వు ముంగట వాకిలి ఊడ్వు. గిన్నెలు సారయ్య సూసుకుంటడు."

గుమ్మంలోకి వచ్చిన సారయ్య అక్కడే నిలబడిపోయాడు. బక్కమ్మ సదానందం వైపు చూసింది. సదానందం ఆరిన నిప్పు మీద ఇంకోసారి నీళ్ళు చల్లాడు. ఆమె పద్మ వైపు చూసింది. పద్మ కత్తిపీటను గోడకు ఆనించి, అది సరిగ్గా ఆనిందో లేదో అని మళ్ళీ సర్దింది. బక్కమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, తన పీట చంకన పెట్టుకుని బయటికి నడిచింది. తడి పాదాల గుర్తులు గడప దాటి ఎండలో ఆరిపోయాయి.

పదకొండేళ్ళుగా ఆ మూల ఆమెది. ఇప్పుడక్కడ నీళ్ళతొట్టి ఒక్కటే ఉంది.

*

మర్నాడు షష్ఠి. సారయ్య గిన్నెలన్నీ మూడుసార్లు కడిగాడు. పులిహోర నిన్నటికన్నా ఎక్కువ మిగిలింది.

పాండురంగం ఈసారి విస్తరాకులను లెక్కపెట్టాడు. ఒక వరసలో నలభై ఆకులు. ఇరవై ఆరింట పులిహోర ఉంది. కొందరు దాని మీద పప్పు పోసి దాచారు. కొందరు మడిచిన ఆకు కింద పెట్టారు. ప్రసాదం పారేస్తున్నట్టు కనిపించకూడదని ఎంత తంటాలు పడ్డారో చూస్తుంటే ఆయనకు కోపం రాలేదు, వింతగా అనిపించింది. ఇంతమందికి తెలిసిన సంగతి ఒకటుంది. అది తనకొక్కడికే తెలియదు.

వాకిట్లో చీపురు చప్పుడు వినబడుతోంది. బక్కమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది.

ఆ మధ్యాహ్నం ఆయన భార్య శకుంతలను హన్మకొండలో ఎముకల దవాఖానకు తీసుకుపోయాడు. మోకాళ్ళ నొప్పులకు నెలనెలా చూపిస్తున్నారు.

"ఎట్లుందమ్మా?" అన్నాడు డాక్టరు.

"మంచిగనే ఉంది సార్."

"మంచిగనే ఉంది సార్. నడుస్తాంది," అన్నాడు పాండురంగం కూడా.

డాక్టరు పాత మందులే రాసి పక్క గదిలోకి పంపాడు. అక్కడ సుకన్య అనే నర్సు, ముప్పై ఏళ్ళుంటాయేమో, శకుంతల మోకాలి కింద మెత్త పెట్టి కాపడం యంత్రం తీగలు విడదీస్తోంది.

"పెద్దమ్మా, ఎట్లున్నదని నేనడుగ. అడిగితె మంచిగుందంటవ్. ఒక్కటి చెప్పు. పోయిన నెల చేసుకున్న పనిల ఈ నెల మానేసింది ఏంది?"

శకుంతల భర్త వైపు చూసింది. తర్వాత పైనున్న ఫ్యాను వైపు చూసింది.

"కింద కూసుంటలేను."

"ఇంక?"

"తులసమ్మ కాడ మూడు మెట్లున్నయి. ఎక్కుతలేను. పక్కింటి పిల్లతోని నీళ్ళు పోపిస్తాన."

"రాత్రి లేస్తానవా?"

"నాలుగుసార్లు."

సుకన్య కాగితం మీద ఏదో రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మందులు మారాయి. పాండురంగం ఆ కాగితాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"బిడ్డా, గిట్ల అడుగుడు యాడ నేర్సుకున్నవ్?"

"నేర్సుకునుడేముంది పెద్దనాన్నా? నొప్పి ఎంతున్నదంటె ఎవ్వలు చెప్పరు. మనోళ్ళకు మొహమాటం. ఏం పని ఆగిందో అడిగితె చెప్తరు. అది ఫిర్యాదు లెక్క ఉండది గద, పని ముచ్చట. మోకాలు కదిలియ్యకు పెద్దమ్మా, తీగ ఊడుతది."

తిరుగుదారిలో ఆటోలో ఎండ ముఖాన కొడుతుంటే శకుంతల కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు పాండురంగం.

"మీరు అడగలే."

"రోజు అడుగుత గద!"

"'ఎట్లుంది, మంచిగనే ఉందా?' అని అడుగుతరు. జవాబు గుడ మీరే చెప్తరు. నేను ఊ అంట."

ఆటోవాడు అద్దంలో చూసి నవ్వు ఆపుకున్నాడు. పాండురంగం మిగతా దారంతా తను ఈ నాలుగు రోజుల్లో ఎవరెవరిని ఏమేం అడిగాడో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాడు. సదానందాన్ని అడిగాడు. 'మంచిగున్నదా?' అన్నాడు. పద్మను అడిగాడు. మొన్న దుకాణంలో కొడుకును అడిగాడు. 'అంత మంచిగ నడుస్తాంది గద?' అన్నాడు. దేవుడి ముందు నిలబడి కూడా ఆయన అడిగేది అదే తీరు. అంతా మంచిగానే చూస్తున్నావు గదా తండ్రీ అని.

*

సప్తమి నాడు పంక్తులు లేచాక పాండురంగం వంటింటి తలుపు దగ్గరగా వేసి ముగ్గురినీ కూర్చోబెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇగో, ఎవలన్న తప్పు చేస్తాంటే చెప్పుండ్రి. నేనేమనను."

పద్మ గాజులు వెనక్కి తోసుకుంది. సారయ్య గోడ మీద పాకుతున్న చీమల బారును శ్రద్ధగా చూశాడు.

"ఏమున్నదన్నా, అంత మంచిగనే నడుస్తాంది," అన్నాడు సదానందం.

పాండురంగం తన తొడ మీద తనే చిన్నగా కొట్టుకున్నాడు. నిన్న ఆటోలో అంతా అర్థమైందనుకున్నాడు. తీరా నోరు తెరిస్తే 'తప్పు' అన్న మాటే ముందు వచ్చింది. తప్పు ఎవరిది అంటే ఎవరు చెప్తారు? మొన్న ఒకామెను బయటికి పంపిన నోరే గదా ఇది.

"సరే. గా మాట వదిలేయ్. ఇంకోటి అడుగుత. గిది ఎవల మీద చాడీ గాదు. సారయ్యా, నువ్వు వడ్డిస్తవ్, ఆకులు తీస్తవ్. ఇయ్యాల ఇస్తరాకుల ఏం మిగిలింది?"

సారయ్య చీమలను వదిలిపెట్టాడు. ఇది తన పని సంగతి.

"పులిహోర."

"అన్నం?"

"మిగల్లే."

"పప్పు?"

"రెండోసారి అడిగిన్రు."

"చారు?"

"చారు పోయిచ్చుకుంటాండ్రు గని..." సారయ్య ఆగాడు. "కలుపుకుంటలేరు. ఆకుల చుట్టూర పారుతాంది."

"పద్మమ్మా, నువ్వు కోసిన పచ్చిమిర్చి, అల్లం దేంట్లదేంట్ల పోతయ్?"

"పప్పుల, పులిహోరల. రెండిట్ల."

"పప్పు తింటాండ్రు. అంటే మిర్చి తోటి గాదు. నూనె, సదానందం?"

"ఒక్క డబ్బలదే అన్నా. పోపు గుడ ఒక్కటే తీరు."

పాండురంగానికి ఉత్సాహం వచ్చింది. దుకాణంలో కందిపప్పు బస్తాల్లోంచి పిడికెడు పిడికెడు తీసి, ఎక్కడి నుంచి పురుగు మొదలైందో వెతికే మనిషి ఆయన. ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మరి పులిహోరల ఉండి, చారుల ఉండి, పప్పుల లేనిది ఏంది?"

ముగ్గురూ ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నట్టు కనిపించారు.

"చింతపండు," అన్నాడు సదానందం చివరికి.

"చింతపండు పాతదా?"

"కొత్తదే. మీ దుకాణంలదే."

"మరి? నానవెట్టినంక చెడుతాందా?"

పద్మ కళ్ళు ఒక్క క్షణం గోడవైపు పోయి, కాలినట్టు వెనక్కి వచ్చాయి. పాండురంగం ఆ కళ్ళు పోయిన వైపు చూశాడు.

గోడకు ఆనించి గంగాళం ఉంది. దాని అంచు మీద అక్షరాలు మెరుస్తున్నాయి. కీర్తిశేషులు మాణిక్యమ్మ జ్ఞాపకార్థం. ఆయన తల్లి పేరు. రోజూ తెల్లారకముందు ఆ పేరును తడిబట్టతో తుడిచి, కళ్ళకద్దుకుని, చింతపండు తన చేత్తోనే అందులో వేసి నీళ్ళు పోస్తాడు.

ఆయన లేచి గంగాళాన్ని రెండు చేతులా ఎత్తి గుమ్మం దగ్గర ఎండలోకి తెచ్చాడు. వంచి లోపలికి చూశాడు. ఇత్తడికి పులుపు తగలకుండా పూసే తెల్లటి కళాయి మెడ దగ్గర కొంచెం మిగిలి ఉంది. కిందికి పోయే కొద్దీ అది పలచబడి, కడుపు భాగమంతా పచ్చటి ఇత్తడి తేలింది. పులుసు నిలిచే ఎత్తున గుండ్రంగా ఒక ఆకుపచ్చ గీత. వేలితో రాస్తే వేలు నల్లబడింది. ఆ వేలు నాలుకకు తాకించాడు. నోట్లో పైసబిళ్ళ పెట్టుకున్నట్టు ఉంది. వెంటనే ఉమ్మేసి నోరు పుక్కిలించాడు. పుక్కిలిస్తుంటే రాజేశ్వర్ రావు మనవడు గుర్తొచ్చాడు. వీపున దెబ్బ తిన్నవాడు.

"ఎన్నొద్దుల సంది?"

"శివరాత్రి సంది అన్నా," అన్నాడు సదానందం. "అప్పుడు శనారం శనారమే గద. ఒక్కపూట నాననిస్తే తెల్వకపోయేది. ఇప్పుడు రోజు నానవెడ్తానం."

"మరి ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె?" సదానందం గొంతు మొదటిసారి పెరిగింది. "నీ తల్లి పేరున్నది. దేవుని లెక్క తుడుస్తవ్ దాన్ని. నేనొచ్చి నీ తల్లి గంగాళం నోట్ల వెట్టరాకుంట అయిందని చెప్పన్నా?"

"ప్రసాదానికి వంక వెట్టినట్టయితది అనుకున్న నేను," అంది పద్మ మెల్లగా.

"బక్కమ్మను నేను పొమ్మన్ననాడు?"

సదానందం పొయ్యి వైపు తిరిగి అన్నాడు. "గప్పుడు చెప్పాలె. చెప్పలే."

వాకిట్లో చీపురు చప్పుడు లేదు. పాండురంగం బయటికి వెళ్ళి చూశాడు. ఊడ్చిన వాకిట్లో గీతలు గీతలుగా చీపురు జాడలు. చీపురు స్తంభానికి ఆనించి ఉంది. బక్కమ్మ వెళ్ళిపోయింది.

ఎండ ఇంకా ఉండగానే ఆయన స్కూటర్ తీశాడు. కరీమాబాద్‌లో ఆమె ఇల్లు కనుక్కోవడానికి ముగ్గురిని అడగాల్సి వచ్చింది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదని అడుగుతున్నప్పుడు తెలిసింది.

బక్కమ్మ గడప ముందు చాటలో బియ్యం ఏరుతోంది. ఆయన్ను చూసి లేవబోయింది.

"కూసో, కూసో. లేవకు."

ఆమె లోపలికి కేకేసింది. కోడలు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. పాండురంగం కూర్చోలేదు.

"గంగాళం సూసిన. కళాయి పోయింది."

"ఊ."

"నీకెరుకేనా?"

"తోమేదాన్ని నేనే గద సేటు. చేతికి తెల్వదా?"

"మరి నాకు చెప్పాలె గదనే. చెప్తె నిన్ను పంపుదునా?"

బక్కమ్మ చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది. ఇంకోటి ఏరింది.

"చెప్పిన."

"ఎప్పుడు?"

"శివరాత్రి తెల్లారి. 'సేటూ, గంగాళం లోపల పచ్చగ తేలుతాంది, కళాయి పెట్టియ్యాలె' అన్న. సదానందం ఉన్నడు, పద్మమ్మ ఉన్నది. మీరు నవ్విన్రు."

"నవ్విన్నా?"

"నవ్వి, 'మా అమ్మ గంగాళం గది, బంగారం లెక్క. దానికేమైతదే బక్కమ్మా' అన్నరు. అందరు నవ్విన్రు. నేను గుడ నవ్విన." ఆమె చాట ఒకసారి చెరిగింది. "మొన్న గుడ చెప్పబోయిన. వాదం వద్దన్నరు."

పాండురంగం గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. శివరాత్రి మర్నాటి పొద్దు. అందరూ నవ్వడం గుర్తుంది. ఎందుకు నవ్వారో, దానికి ముందు ఎవరేం అన్నారో ఎంత వెతికినా దొరకలేదు. ఎవరూ చెప్పలేదని ఇందాక తను వాళ్ళను నిలదీశాడు. చెప్పిన మనిషి ఇక్కడుంది. విన్నవాళ్ళంతా అప్పుడే నేర్చుకున్నారు, ఈయనకు చెప్తే ఏమవుతుందో.

"రేపు పొద్దుగాల వంటింట్లకు రా బక్కమ్మా."

"పొద్దుగాల వస్త. వాకిలి ఊడ్వనీకి వస్త. వంటింట్లకు రాను."

"ఎందుకు?"

"నలుగుర్ల పొమ్మన్నరు. ఇంటికొచ్చి రమ్మంటాండ్రు."

ఆమె అది కోపంగా అనలేదు. బియ్యంలో ఇంకా రాళ్ళున్నాయన్నట్టు అంది. కోడలు ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు గడప మీద పెట్టి పాండురంగం స్కూటర్ దగ్గరికి నడిచాడు.

*

అష్టమి పొద్దున మండపంలో తలంబ్రాల బియ్యానికి పసుపు కలపడానికి ఇరవై మంది దాకా చేరారు. రాజేశ్వర్ రావు కుర్చీలో ఉన్నాడు. అర్చకులు సారంగపాణి గర్భగుడి మెట్టు మీద కూర్చుని తులసి దండ కడుతున్నారు. బక్కమ్మ వాకిట్లో నీళ్ళు చల్లుతోంది.

పాండురంగం గంగాళం మోసుకొచ్చి మండపం మధ్యలో పెట్టాడు. ఇత్తడి బండ మీద తగిలి ఖంగుమంది. మాటలు ఆగాయి.

"బక్కమ్మా, నీళ్ళు ఆపి జర ఇటు రా."

ఆమె బిందె దించి, మెట్టు కిందే నిలబడింది.

"మొన్న పంచమి నాడు గిన్నెలు సరిగ్గ తోమలేదని బక్కమ్మను వంటింట్లకెల్లి నేను పంపిన," అన్నాడు పాండురంగం. "తప్పు తోముట్ల లేదు. గిన్నెల ఉంది. కళాయి పోయిన గిన్నెల చింతపండు నానవెట్టి మీకు వడ్డించిన. గా గిన్నె నాది. కళాయి పోయిందని శివరాత్రికే బక్కమ్మ చెప్పింది. నేను ఇనలే."

రాజేశ్వర్ రావు కుర్చీలోంచి ముందుకు వంగాడు. "మెల్లగ అనరాదయ్యా! ప్రసాదం పాడైందని బజారంత పాకితె రేపు ఎవడొస్తడు?"

"బజారంత ఆకుల కింద దాచిపెట్టింది రావుసాబ్. బజారుకు ముందుగాలనే ఎరుక."

ఎవరో కిసుక్కుమన్నారు. సారంగపాణి దండ కట్టడం ఆపలేదు.

"స్వామి గూడ ఏడు రోజుల సంది ఆరగిస్తాండు," అన్నారాయన. "ఆయన గుడ ఏమనలే. మనందరి లెక్కనే మొహమాటపడ్డడేమో."

ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది. రాజేశ్వర్ రావు కూడా మీసాల కింద నవ్వుకుని, వెంటనే ముఖం సర్దుకున్నాడు. పాండురంగం మాత్రం నవ్వలేదు. బక్కమ్మ వైపే చూస్తున్నాడు.

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. మెట్లెక్కి వచ్చి గంగాళంలోకి చేయి పెట్టి తడిమింది.

"పారేసుడేం వద్దు," అంది. "కళాయి పెట్టిస్తె మల్ల పదేండ్లు వస్తది. ఇప్పటికి స్టీలు బగోనెల నానవెడ్త." గంగాళాన్ని చంకనెత్తుకుని వంటింటి వైపు నడిచింది. గడప దగ్గర ఆగి, కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపలినుంచి ఆమె గొంతు వినబడింది. "సారయ్యా! గీ గిన్నెలు తోమినవా, వాటి మీద నీళ్ళు చల్లినవా?"

*

నవమి నాడు కళ్యాణం ముగిసేసరికి ఒంటిగంట దాటింది. ఆరువందలనుకున్నది ఏడువందలయ్యారు. పానకం బిందెలు రెండుసార్లు నింపారు. చివరి పంక్తి లేచాక పాండురంగం వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దీక్ష విడిచి తిన్న పులిహోర కారం ఇంకా నాలుక మీద ఉంది. సదానందం, పద్మ, సారయ్య, బక్కమ్మ ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. రాజేశ్వర్ రావు గుమ్మంలో కుర్చీ వేయించుకుని, కండువాతో విసురుకుంటున్నాడు. అంతా చూసి అభినందించి పోదామని వచ్చాడు.

"భేష్! పులిహోర ఒక్క మెతుకు మిగల్లే. నేనే సూసిన."

"అవును రావుసాబ్," అన్నాడు పాండురంగం. "సారయ్యా, మరి ఇయ్యాల ఏం మిగిలింది?"

ఇప్పుడా ప్రశ్న వింటే ఎవరూ చీమలను చూడటం లేదు. కానీ సారయ్య వెంటనే చెప్పలేదు. ఓరగా బక్కమ్మ వైపు చూశాడు.

"పప్పన్నా. మూడో పంక్తి సంది."

"మాడింది," అంది బక్కమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. వేళ్ళ చివర్లు నీళ్ళకు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి.

"సదానందం తలంబ్రాలకు పోతాంటే మంట సూడుమన్నడు. నేను బగోనెలు తోముకుంట మర్చిపోయిన. అడుగంటింది. మీదమీది పప్పు వేరే గిన్నెల పోసినం గని వాసన పోలే. అది నా తోటి అయింది."

గుమ్మంలో కండువా ఆగింది.

"చూసినవా పాండురంగం!" రాజేశ్వర్ రావు వేలెత్తాడు. "నేను మొన్ననే చెప్పిన. అందరి ముంగట నెత్తిన పెట్టుకుంటివి. ఇప్పుడేమంటవ్?"

బక్కమ్మ చేయి పక్కనున్న పీట మీదికి పోయింది. సదానందం నోరు తెరిచి, పాండురంగాన్ని చూసి మూశాడు. పద్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. పెళ్ళి మంత్రాల మైకు ఇంకా ఆపలేదేమో, మండపంలోంచి గరగరమని శబ్దం వస్తోంది.

పర్వాలేదులే బక్కమ్మా అని పాండురంగం నాలుక చివరిదాకా వచ్చింది. అది కూడా ఆమె నోరు మూయించడమే గదా అనిపించింది. మింగేశాడు.

"వచ్చే శనారం మాడకుండ ఉండాలంటె ఏం గావాలె?" అని అడిగాడు.

అడిగి ఊరుకున్నాడు. ఊరుకోవడం ఇంత కష్టమని ఆయనకు తెలియదు. రాజేశ్వర్ రావు కుర్చీలో కదిలాడు. సారయ్య దగ్గాడు. జవాబు తనే చెప్పేద్దామని పెదవులు రెండుసార్లు విడివడి, మళ్ళీ కలుసుకున్నాయి.

బక్కమ్మ పీట మీది నుంచి చేయి తీసింది.

"తోముకుంట మంట సూసుడు ఒక్కదానితోని కాదు సేటు. సదానందం లేనప్పుడు పొయ్యి కాడ ఇంకో మనిషి కూసోవాలె. లేచి పోనోళ్ళు. తిరుగకుంట ఒక్కకాడ కూసునేటోళ్ళు."

"గంతేనా?"

"గంతే."

పాండురంగం నలుగురినీ చూశాడు. ఎవరి చేతులకు వాళ్ళ పని ఉంది. కత్తిపీటకు ఒకరు, బకెట్‌కు ఒకరు, గరిటెకు ఒకరు. వంటింట్లో ఏ పనీ లేకుండా అటూ ఇటూ తిరుగుతూ, ఎట్లుంది, మంచిగుందా అని అడిగే మనిషి ఒక్కడే ఉన్నాడు.

"నేను కూసుంట."

"మీరా?" బక్కమ్మకు నవ్వు ఆగలేదు. "మంట ఎప్పుడు ఎంత ఉండాలెనో మీకెరుకేనా?"

"ఎరుక లేదు. చెప్పు."

రాజేశ్వర్ రావు ఎత్తిన వేలితో ఏం చెయ్యాలో తెలియక దాంతో మీసం దువ్వుకున్నాడు. బక్కమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచి, ఆరిపోయిన పొయ్యి దగ్గరికి నడిచింది. బూడిదలోంచి సగం కాలిన కట్టె ఒకటి లాగి, వేడి తగ్గిందో లేదో వేలితో చూసి, ఆయన చేతికిచ్చింది.

"ముందుగాల ఎన్కకు గుంజుడు నేర్సుకోండ్రి సేటు," అంది. "లోపలికి తోసుడు ఎవలైనా తోస్తరు."